భారం నుంచి బాధ్యతకు: డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఆధ్యాత్మిక నాయకత్వం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు క్రైస్తవ వ్యవహారంలో 'భారం', 'పిలుపు' అనే మాటలు తరచుగా వినిపిస్తాయి. దేవుడు ఒక వ్యక్తి హృదయంలో ఒక పనిని గురించి కలిగించే వేదనను 'భారం' అనీ, ఆ పనికి అతన్ని నియోగించడాన్ని 'పిలుపు' అనీ వ్యవహరిస్తారు. ఈ రెండూ సాధారణంగా వ్యక్తిగత అనుభవాలుగానే వర్ణింపబడుతున్నాయి. వాటికి చారిత్రక, సామాజిక పార్శ్వం కూడా ఉంది. భారతదేశంలో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య (1874–1945) జీవితాన్ని ఆధారంగా చేసుకొని, భారం నాయకత్వంగా మారే క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. భారం ఒక వ్యక్తిలో మొదలైనప్పటికీ, దాన్ని ఇతరులకు, ముఖ్యంగా సేవ పొందేవారిగా మాత్రమే లెక్కింపబడినవారికి, పంచినప్పుడే అది ఆధ్యాత్మిక నాయకత్వం అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: అజరయ్య, డోర్నకల్, భారం, పిలుపు, ఆధ్యాత్మిక నాయకత్వం, తెలుగు క్రైస్తవ చరిత్ర, దళిత క్రైస్తవులు.

1. ఉపోద్ఘాతం:

కాజీపేట – విజయవాడ రైలుమార్గంలో డోర్నకల్ ఒక కూడలి. సింగరేణి బొగ్గుగనుల వైపు వెళ్లే శాఖ ఇక్కడే చీలుతుంది. నిజాం రాజ్యంలో వరంగల్ ప్రాంతానికి చెందిన ఈ ఊరు నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాల్లో తమిళనాడు దక్షిణపు కొసనున్న తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను ఈ ప్రాంతానికి పంపారు. ఆ పనికి మూలపురుషుడు అజరయ్య. ఆయన 1909లో స్వయంగా డోర్నకల్ చేరాడు. 1912లో అక్కడి బిషప్ అయ్యాడు. 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశాడు.

అజరయ్యను గురించిన రచనల్లో ఎక్కువ భాగం ఆయనను 'తొలి భారతీయ బిషప్'గా కీర్తించేవే. పదవి దృష్టితో చూస్తే ఆ ప్రాధాన్యం సహజమే. అయితే పదవికి ముందు పదేళ్ల ప్రయాణం ఉంది. పదవి తర్వాత మరో ముప్పైరెండేళ్ల పని ఉంది. ఈ రెంటినీ కలిపి చూసినప్పుడు కొన్ని ప్రశ్నలు ఎదురవుతాయి. ఒక మనిషికి భారం ఎలా కలుగుతుంది? అది నిజమైన పిలుపే అని ఎవరు నిర్ణయించాలి? ఒకరి భారం మరొకరికి ఎలా చేరుతుంది? వలసపాలనలో, కులవ్యవస్థలో ఈ ప్రశ్నలు కేవలం భక్తికి సంబంధించినవి కావు. అధికారానికి కూడా సంబంధించినవి.

2. 'భారం' – పదం, భావం:

హీబ్రూ భాషలో 'మస్సా' అనే పదానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి మోసే బరువు. రెండవది ప్రవక్త పలికే దైవసందేశం. తెలుగు బైబిలు అనువాదకులు యెషయా గ్రంథం పదమూడో అధ్యాయంలో ఈ పదాన్ని 'దేవోక్తి' అని అనువదించారు. యిర్మీయా గ్రంథం ఇరవైమూడో అధ్యాయంలో ఈ రెండు అర్థాల మీదా శ్లేష నడుస్తుంది. ఒకే పదం బరువునూ, వాక్కునూ సూచించడంలో ఒక భావన ఇమిడి ఉంది. దేవుని మాట విన్నవాడికి అది తేలికగా ఉండదు. దాన్ని మోయవలసి ఉంటుంది.

ఇదే పదం సంఖ్యాకాండం పదకొండో అధ్యాయంలో మరో సందర్భంలో వస్తుంది. అరణ్యప్రయాణంలో ప్రజల భారాన్ని తానొక్కడే మోయలేనని మోషే దేవునితో మొరపెట్టుకుంటాడు. దానికి సమాధానంగా మోషే భారం తొలగిపోదు. అతనికి అదనపు బలమూ లభించదు. డెబ్బైమంది పెద్దలు నియమింపబడతారు. మోషేపై ఉన్న ఆత్మలో పాలు వారికీ లభిస్తుంది. భారం పంచబడుతుంది. శిబిరంలోనే ఉండిపోయిన మరో ఇద్దరు కూడా ప్రవచించినప్పుడు యెహోషువ వారిని ఆపమంటాడు. మోషే అందుకు అంగీకరించక, ప్రజలందరూ ప్రవక్తలైతే మేలని కోరుకుంటాడు.

తెలుగు క్రైస్తవ సంఘాల్లో 'ఆత్మల భారం', 'భారం కలిగి ప్రార్థించడం' వంటి ప్రయోగాలు సాధారణం. ఈ ప్రయోగాల్లో మొదటి అంశమైన వ్యక్తిగత వేదన బాగా నిలిచింది. రెండవ అంశమైన పంపకం కొంత మరుగునపడింది. అజరయ్య జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

3. లోటు గుర్తింపు – తిరునల్వేలి నేపథ్యం:

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాళన్‌విళై గ్రామంలో నాడార్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి థామస్ వేదనాయగం హైందవం నుంచి క్రైస్తవంలోకి వచ్చి, గ్రామ పాదిరిగా పనిచేశాడు. 1889లో తండ్రి మరణించాక తల్లి ఎలెన్ పెంపకంలో కుమారుడు పెరిగాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివాడు గాని, చివరి పరీక్ష సమయంలో అనారోగ్యం పాలై పట్టా పొందలేకపోయాడు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి, దక్షిణ భారతమంతా పర్యటించాడు. అమెరికన్ సహోద్యోగి షేర్‌వుడ్ ఎడ్డీతో ఆయనకు జీవితకాల స్నేహం ఏర్పడింది. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహం చేసుకున్నాడు. దక్షిణ భారతంలో కళాశాల విద్య అభ్యసించిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో అజరయ్య శ్రీలంకలోని జాఫ్నాను సందర్శించాడు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత సంస్థ ద్వారా తమ ప్రాంతం వెలుపలికి ప్రచారకులను పంపుతున్న సంగతి ఆయన గమనించాడు. తిరునల్వేలిలో క్రైస్తవుల సంఖ్య అంతకన్నా ఎంతో ఎక్కువ. తరతరాల క్రైస్తవ వారసత్వం ఉంది. పాఠశాలలున్నాయి, చదువుకున్నవారున్నారు. అయినా అటువంటి ప్రయత్నం లేదు. సువార్త పని విదేశీ మిషనరీలది, దాన్ని స్వీకరించడం భారతీయులది అన్న విభజన అక్కడ స్థిరపడిపోయింది. అజరయ్యకు కలిగిన భారానికి మూలం ఈ పోలికలో ఉంది.

ఇక్కడ ఒక విశేషం గుర్తించదగినది. ఆయన మొదట వేదన చెందింది తెలుగు ప్రజల స్థితిని చూసి కాదు. అప్పటికి ఆయనకు తెలుగు ప్రజలతో పరిచయం అంతంతమాత్రం. తన సొంత సంఘంలోని లోటును చూసి ఆయన వేదన చెందాడు. ఇతరుల అవసరాన్ని గుర్తించడం కన్నా తనవారి నిష్క్రియత్వాన్ని గుర్తించడం కష్టం. ఎందుకంటే అందులో తన బాధ్యత కూడా కలిసి ఉంటుంది. అజరయ్య విషయంలో భారం ఆత్మవిమర్శగా మొదలైంది.

ఆ గుర్తింపు త్వరలోనే సంస్థారూపం ధరించింది. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ ఏర్పడింది. మనుషులు, ధనం, నిర్వహణ మూడూ భారతీయులవే కావాలన్నది దాని మూలసూత్రం. క్రైస్తవ ప్రచారం అంతగా చేరని ప్రాంతంగా నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ను సొసైటీ ఎంచుకొని, 1904లో పని ప్రారంభించింది. తర్వాత 1905 డిసెంబర్ 25న సెరాంపూరులో, విలియం కేరీ పేరుతో ముడిపడిన గ్రంథాలయంలో, వివిధ ప్రాంతాల, వివిధ సంఘశాఖల భారతీయ క్రైస్తవులు సమావేశమై నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించారు. దాని వెనుక కూడా అజరయ్య కృషి ఉంది. ఆయనే దానికి కార్యదర్శి అయ్యాడు. వంగ విభజన వ్యతిరేకోద్యమం, స్వదేశీ నినాదం దేశాన్ని కదిలిస్తున్న సంవత్సరమది. భారతీయ క్రైస్తవుల స్వయంనిర్వహణ ఆకాంక్షను ఆ కాలపు గాలి నుంచి వేరుచేసి చూడలేం.

4. పంపేవాడు వెళ్లేవాడు కావడం:

1909 నాటికి అజరయ్యకు ముప్పై అయిదేళ్లు. రెండు సంస్థల స్థాపకుల్లో ఒకడిగా, వక్తగా, నిర్వాహకుడిగా ఆయనకు దేశవ్యాప్తమైన గుర్తింపు ఉంది. ఇతరులను దూరప్రాంతాలకు వెళ్లమని వేదికల మీదినుంచి కోరడం ఆయన పనిలో భాగం. ఈ దశలో ఆయన ఆ పనిని విడిచి, 1909లో గురుపట్టం పొంది, కుటుంబంతో డోర్నకల్ చేరాడు.

ఈ నిర్ణయాన్ని త్యాగంగా మాత్రమే వర్ణించడం సరిపోదు. ఇతరులను పంపే మాటకు నైతిక బలం చేకూరాలంటే తానూ వెళ్లవలసి ఉంటుందన్న వివేకం ఇందులో ఉంది. మరొక విషయం కూడా ఉంది. డోర్నకల్‌లో అజరయ్య పరభాషీయుడు. తెలుగు నేర్చుకోవాలి. కొత్త ఆహారానికి, కొత్త ఆచారాలకు అలవాటుపడాలి. సుదూర దక్షిణం నుంచి వచ్చిన చదువుకున్న నాడార్ క్రైస్తవుడికీ, డోర్నకల్ పరిసరాల్లోని మాల, మాదిగ కూలీలకూ మధ్య దూరం చిన్నది కాదు. అంటే విదేశీ మిషనరీల నుంచి తాను ఏ వినయాన్ని ఆశించాడో, ఆ వినయం తనకూ అవసరమైన స్థితిలోకి ఆయన ప్రవేశించాడు.

5. పిలుపును గుర్తించేదెవరు? – 1910, 1912:

పిలుపు దేవునిదే అని నమ్మినా, దాన్ని గుర్తించే అధికారం సంస్థ చేతిలో ఉంటుంది. వలసకాలపు సంఘంలో ఆ సంస్థ యూరోపియన్ల చేతిలో ఉంది. అజరయ్య జీవితంలోని రెండు ఘట్టాలు ఈ వైరుధ్యాన్ని స్పష్టం చేస్తాయి.

మొదటిది 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియావారు ఇరవైమందికి మించలేదు. విదేశీ, స్వదేశీ సేవకుల మధ్య సహకారాన్ని గురించి అక్కడ అజరయ్య ప్రసంగించాడు. మిషనరీల త్యాగాన్ని, దాతృత్వాన్ని ఆయన కృతజ్ఞతతో స్మరించాడు. అదే సమయంలో మిషనరీలు భారతీయ సహసేవకులను సమానులుగా చూడటం లేదనీ, ఒకే పనిలో ఉన్నవారి మధ్య యజమాని, సేవకుల సంబంధం నడుస్తున్నదనీ సూటిగా చెప్పాడు. చివరగా, భారతీయ సంఘం మిషనరీలను స్నేహం అడుగుతున్నదని విన్నవించాడు. ఆ ప్రసంగం సభలో కొందరిని నొప్పించింది. అయినా ఆ మహాసభను గురించిన చరిత్రల్లో నేటికీ అది ప్రధానంగా ప్రస్తావింపబడుతూనే ఉంది.

రెండవ ఘట్టం బిషప్ పదవి. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఒక భారతీయుడిని బిషప్‌గా నియమించాలన్న ఆలోచనను ముందుకు తెచ్చి, అజరయ్య పేరును బలపరిచాడు. ఈ ప్రతిపాదనకు ఎదురైన వ్యతిరేకత ఒక వైపునుంచే రాలేదు. భారతీయుడి అధికారం కింద పనిచేయడానికి కొందరు యూరోపియన్లు సంకోచించారు. తిరునల్వేలి క్రైస్తవుల్లోనూ కులభేదాల కారణంగా అభ్యంతరాలు వచ్చాయి. ఒక మనిషి పిలుపును ప్రశ్నించడానికి ఇక్కడ జాతి, కులం రెండూ సాధనాలయ్యాయి. చివరకు 1912 డిసెంబర్ 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో అజరయ్యకు బిషప్‌గా అభిషేకం జరిగింది.

తొలి భారతీయ బిషప్‌కు లభించిన మండలం ఏ మహానగరంలోనిదీ కాదు. యూరోపియన్లు తక్కువగా ఉండే, బ్రిటిష్ ప్రత్యక్షపాలన వెలుపలి నిజాం రాజ్యంలోని చిన్న ప్రాంతం అది. గుర్తింపుతోపాటు దాని హద్దులు కూడా నిర్ణయింపబడ్డాయని దీన్నిబట్టి గ్రహించవచ్చు. అజరయ్య ఈ పరిమితిని గురించి ఫిర్యాదు చేస్తూ కాలం గడపలేదు. ఆ చిన్న మండలాన్నే భారతీయ నాయకత్వ సామర్థ్యానికి నిదర్శనంగా నిలపడానికి పూనుకున్నాడు. 1920 దశకంలో కృష్ణా ప్రాంతంలోని చర్చ్ మిషనరీ సొసైటీ సంఘాలు, ఇతర తెలుగు ఆంగ్లికన్ ప్రాంతాలు డోర్నకల్ మండలంలో చేరాయి. దానితో విదేశీ మిషనరీలు కూడా భారతీయ బిషప్ పర్యవేక్షణలో పనిచేసే స్థితి ఏర్పడింది.

6. భారాన్ని పంచడం – తెలుగు గ్రామాలు:

తెలుగు నేలమీద దళితుల్లో క్రైస్తవం వ్యాపించిన తీరు అజరయ్య కన్నా ముందే ఒక పాఠం నేర్పింది. కృష్ణా ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన మాల నాయకుడు పగోలు వెంకయ్య 1859లో తనవారితో కలిసి బాప్తిస్మం పొందాడు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్లలో తన బంధువర్గానికి ఆయనే బోధకుడయ్యాడు. ఒంగోలు ప్రాంతంలో మాదిగ కులస్థుడు యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకొని, అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు అడుగుపెట్టని పల్లెలకు తన విశ్వాసాన్ని తీసుకువెళ్లాడు. ఈ ఇద్దరికీ ఏ సంస్థా ముందుగా పట్టం కట్టలేదు. వారి పిలుపును మొదట గుర్తించినవారు వారి కులపెద్దలు, చుట్టాలు, తోటి కూలీలు. మిషనరీలు చాలాచోట్ల ఆ తర్వాతనే వచ్చారు.

అజరయ్య ఈ వాస్తవాన్ని తన విధానానికి పునాదిగా చేసుకున్నాడు. బాప్తిస్మం పొందిన ప్రతివ్యక్తీ సాక్షి కావాలని ఆయన బోధించాడు. బాప్తిస్మం పొందినవారు తమ చేతిని తమ తలమీదనే ఉంచుకొని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని అపొస్తలుడు పౌలు మాటలను అనుసరించి ప్రమాణం చేసే పద్ధతిని ఆయన ప్రోత్సహించాడు. ఈ క్రియలోని అర్థం లోతైనది. గురుపట్టం ఇచ్చేటప్పుడు బిషప్ అభ్యర్థి తలమీద చెయ్యి ఉంచుతాడు. ఇక్కడ చదువురాని కూలీ తన తలమీద తానే చెయ్యి పెట్టుకుంటున్నాడు. ఊరిలో ఎవరూ తాకని తలమీద ఆ చెయ్యి ఒక నియోగాన్ని ఉంచుతున్నది. పిలుపు పాదిరులకే పరిమితమన్న భావన ఆ క్షణంలో చెదిరిపోతున్నది.

ఈ పంపకానికి తగిన నిర్మాణం కూడా అవసరమైంది. గ్రామ ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటయింది. ఆ శిక్షణలో భార్యలకూ స్థానం ఉంది. స్త్రీల మధ్య జరిగే పనిని తీర్చిదిద్దడంలో అన్బు మరియమ్మాళ్ పాత్ర ప్రధానమైనది. 1930 దశకం నాటికి మండలంలో భారతీయ గురువులు వందల్లో, గ్రామ ఉపాధ్యాయులు వేలల్లో ఉన్నారు. మండలంలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇందులో కొత్తగా చేరిన ప్రాంతాల జనం కూడా ఉన్నందున ఈ సంఖ్యను ప్రచారఫలితంగా మాత్రమే లెక్కించకూడదు.

అజరయ్య దృష్టిలో ఆధ్యాత్మిక జీవితం దైనందిన జీవితం నుంచి వేరుకాదు. మురికి, రోగం, అప్పు, తాగుడు – ఈ నాలుగింటినీ ఆయన గ్రామసంఘాల శత్రువులుగా ఎంచి పోరాడాడు. వెట్టి, అప్పుల వలయంలో చిక్కిన కూలీకి అప్పు ఆర్థిక విషయం మాత్రమే కాదు. అది అతని ఇష్టాన్ని, మాటను కూడా బంధిస్తుంది. అందువల్ల సహకార సంఘాలు, పాఠశాలలు, వైద్యం ఆయన పనిలో అంతర్భాగాలయ్యాయి. విదేశీ ధనం మీద ఆధారపడిన సంఘం స్వతంత్రంగా నిలవదని ఆయన భావించి, నిరుపేదలు కూడా తమ పంటలోనుంచి, కూలిలోనుంచి కొంత ఇవ్వాలని పట్టుబట్టాడు. క్రైస్తవ దాతృత్వంపై ఒక పుస్తకమే రాశాడు. పేదలకు ఇవ్వాలని చెప్పేవారు అనేకులుండగా, పేదలను ఇవ్వగలవారిగా చూడటం ఆయన ప్రత్యేకత.

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథెడ్రల్ ఈ ఆలోచనకు రాతిలో కట్టిన రూపం. చాలా ఏళ్లు సాగిన నిర్మాణం తర్వాత 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు ముస్లిం వాస్తును, స్తంభాలు దేవాలయ శిల్పాన్ని గుర్తుచేస్తాయి. ఇంగ్లండు గోతిక్ చర్చిలకు అనుకరణగా కాక, దక్కను నేలమీది కట్టడాలకు బంధువుగా ఆ కథెడ్రల్ నిలిచింది.

7. విమర్శ, పరిమితులు:

అజరయ్య నాయకత్వం విమర్శకు అతీతమైనది కాదు. 1935 అక్టోబర్‌లో యేవలాలో డాక్టర్ అంబేద్కర్ తాను హిందువుగా మరణించనని ప్రకటించిన తర్వాత, దళితుల మతాంతరం దేశరాజకీయాల్లో తీవ్ర చర్చకు వచ్చింది. తెలుగు జిల్లాల్లోని సామూహిక మతాంతరాలను గాంధీజీ విమర్శించారు. అణగారిన ప్రజలు సిద్ధాంతాల మంచిచెడ్డలను నిర్ణయించుకోగల స్థితిలో లేరనీ, వారి మతాంతరం వెనుక ప్రలోభం ఉన్నదనీ వారి అభిప్రాయం. అజరయ్య దృష్టిలో ఈ వాదం దళితులకు స్వీయ నిర్ణయశక్తిని నిరాకరిస్తుంది. తలమీద తన చెయ్యి తానే పెట్టుకొని ప్రమాణం చేసినవాడికి ఆ పని అర్థం తెలియదని చెప్పడం ఆయనకు ఆమోదయోగ్యం కాలేదు. ఇద్దరూ అస్పృశ్యతను వ్యతిరేకించినవారే. దళితుడి ఆత్మ తరఫున మాట్లాడే హక్కు ఎవరిదన్న దగ్గర వారి మార్గాలు వేరయ్యాయి.

ఇదే కాలంలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కల్పించడాన్ని అజరయ్య వ్యతిరేకించాడు. సంఘాన్ని రాజకీయ జనసంఖ్యగా మారిస్తే బాప్తిస్మం ఓట్ల లెక్కగా దిగజారుతుందన్న ఆందోళన ఇందులో కనిపిస్తుంది. క్రైస్తవ ప్రచారాన్ని సంఖ్యాబలం కోసం చేసే ప్రయత్నంగా చిత్రించిన విమర్శకులకు ఈ వైఖరి ఒక సమాధానం.

పరిమితులనూ గుర్తించాలి. ఒకటి, మాల, మాదిగల మధ్య దూరం సంఘంలో పూర్తిగా తొలగలేదు. ప్రమాణం ఒకటే అయినా కూర్చునే చోటు, వియ్యం, నాయకత్వం వంటి విషయాల్లో కులం కొనసాగింది. రెండు, బిషప్ కేంద్రంగా ఉండే ఆంగ్లికన్ వ్యవస్థను అజరయ్య మనఃపూర్వకంగా స్వీకరించాడు. యజమాని, సేవక సంబంధాన్ని ఎడిన్‌బరోలో ప్రశ్నించిన వ్యక్తి, తన మండలంలో తండ్రివంటి కఠిన పాలకుడిగా వ్యవహరించాడు. మూడు, ఆయన మరణానంతరం డోర్నకల్ పీఠాన్ని అధిష్ఠించినవాడు యూరోపియన్ అయిన ఎ.బి. ఇలియట్. తొలి భారతీయ బిషప్ జీవించి ఉన్నంతకాలం స్వతంత్ర మండలాధికారం గల మరో భారతీయ ఆంగ్లికన్ బిషప్ లేడు. గ్రామస్థాయిలో విస్తృతంగా జరిగిన పంపకం పీఠం స్థాయిలో అంతగా జరగలేదని దీనివల్ల తేలుతుంది.

సంఘైక్యత విషయంలోనూ ఇదే మిశ్రమ ఫలితం. 1919 మేలో తరంగంబాడిలో అజరయ్య, ఎడ్డీ తదితరుల చొరవతో జరిగిన సమావేశం, విభేదాలు పాశ్చాత్య చరిత్ర నుంచి వచ్చినవనీ వాటిని భారతీయులు మోయనవసరం లేదనీ ప్రకటించింది. దానిమీద సంతకం చేసిన ముప్పైముగ్గురిలో అత్యధికులు భారతీయులే. ఆ ప్రయత్నం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పాటుతో ఫలించింది. అప్పటికి అజరయ్య మరణించి రెండేళ్లు దాటింది. ఆయన మండలంలోనే భాగమైన నంద్యాల ప్రాంతం ఆ ఐక్యతలో అప్పుడు చేరలేదు. తన సొంత ఇంట్లోనే ఆయన కల అసంపూర్ణంగా మిగిలింది.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలు చేయవచ్చు.

1. అజరయ్య భారం ఇతరుల మీది జాలితో కాక, తన సంఘం నిష్క్రియత్వాన్ని గుర్తించిన ఆత్మవిమర్శతో మొదలైంది. 1902 జాఫ్నా పర్యటన దానికి నాంది.

2. ఇతరులను పంపినవాడు 1909లో తానే వెళ్లడం ద్వారా ఆ భారం పరీక్షకు నిలిచింది.

3. పిలుపు వ్యక్తిగతమైనదే అయినా, దాని గుర్తింపులో జాతి, కులం, పాలన ప్రమేయం ఉంటుంది. 1912 నాటి అభిషేకం, దానికి ఎదురైన అభ్యంతరాలు ఈ విషయాన్ని రుజువు చేస్తాయి.

4. తెలుగు గ్రామాల్లోని మాల, మాదిగ క్రైస్తవులను సేవ పొందేవారిగా కాక సేవకు పిలువబడినవారిగా గుర్తించడం ఆయన నాయకత్వంలోని ప్రధానాంశం. పగోలు వెంకయ్య, యెర్రగుంట్ల పేరయ్య వంటివారి చరిత్ర దీనికి పూర్వరంగం.

5. పీఠాధికారం, కులభేదం, సంఘైక్యత విషయాల్లో ఆ పంపకం అసంపూర్ణంగా మిగిలింది.

అరణ్యంలో మోషే మొరకు లభించిన సమాధానం డెబ్బైమంది పెద్దలు. డోర్నకల్ మండల చరిత్రలో ఆ పెద్దల స్థానం వేలాది గ్రామ ఉపాధ్యాయులది, వారి భార్యలది, తలమీద చెయ్యి పెట్టుకొని ప్రమాణం చేసిన కూలీలది. బిషప్ జీవితచరిత్రలు వెలువడ్డాయి. వీరి చరిత్ర మాత్రం సంఘాల బాప్తిస్మ పుస్తకాల్లో, కుటుంబాల జ్ఞాపకాల్లో చెదరి ఉంది. తెలుగు క్రైస్తవ చరిత్ర రచన ఇకమీద ఆ ఆధారాల వైపు మళ్లవలసి ఉంది. అజరయ్య భారం ఎంత దూరం చేరిందో చెప్పగలిగినది ఆయన పీఠం కాదు, ఆ పల్లెల చరిత్రే.